నడిమింట్లో రోడ్డు

మధ్యాహ్నం మిర్చి బండ్ల వేళయ్యేసరికి సావిత్రమ్మ పొయ్యి మీది కూర దింపి మూత పెట్టేది. నడిమింట్లో ఆరేసిన బట్టలు తీసి మడతపెట్టి, నీళ్ల బిందెలు వంటింటి మూలకు జరిపేది. అంతలోనే ఎడ్ల మెడగంటలు వినిపించేవి. పడమటి గోడలోంచి మొదటి జత ఎడ్లు తలలు దూర్చేవి. వాటి వెనక బండి, బండి మీద మిర్చి బస్తాలు, బస్తాల మీద తలకు తువాల చుట్టుకున్న మనిషి. నడిమిల్లు దాటి, వంటిల్లు దాటి, తూర్పు గోడలోంచి బయటికి పోయేవి. బండి పోయాక గోడ మళ్లీ మామూలు గోడే. సున్నం పెచ్చు కూడా ఊడేది కాదు. గచ్చు మీద ఇంత దుమ్ము, నాలుగు గడ్డిపోచలు మిగిలేవి. ఘాటుకు ఇంట్లోవాళ్లు కాసేపు తుమ్మేవాళ్లు. సావిత్రమ్మ ఊడ్చుకుని కూర మళ్లీ పొయ్యి మీదికి ఎక్కించేది.

ఇది వరంగల్ గిర్మాజిపేటలో, తాళ్ల దుకాణం వీరభద్రం ఇంట్లో. ముందు గది దుకాణం. ఎడ్లకు పగ్గాలు, బర్రెలకు తలుగులు, బావులకు చేంతాళ్లు, ధాన్యానికి గోనెసంచులు అమ్మేవాడు. దాని వెనక నడిమిల్లు, ఆ వెనక వంటిల్లు. మట్టిగోడలు, పైన పెంకులు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది ఊరికి కొత్త ప్లాను వేశారు. పాత బజారు ఇరుకైపోయింది, లారీలు తిరగడం లేదు, గల్లీలు కూలగొట్టి ఊరిని కొత్తగా కట్టాలని ఆఫీసులో పెద్దపెద్ద నక్షలు గీశారు. ఎనుమాముల దగ్గర రాబోయే మార్కెట్ యార్డుకు గిర్మాజిపేట మీదుగా ఒక వెడల్పాటి రోడ్డు పడింది నక్షలో. అది సరిగ్గా వీరభద్రం నడిమింట్లోంచి పోయింది. ప్లాను ఆఫీసు ఓవర్సీయరు పాండురంగం మనుషులను వెంటేసుకుని వచ్చి, గొలుసు పట్టి కొలిచి, పడమటి గోడ మీద అరచేయంత ఎర్ర రంగు గుర్తు వేయించాడు. తొందరలోనే ఇల్లు తీసుకుంటామని, పరిహారం ఇస్తామని చెప్పి, సావిత్రమ్మ ఇచ్చిన చాయ్ తాగి పోయాడు.

మర్నాటి మధ్యాహ్నం మొదటి బండి వచ్చింది.

దీన్నెవరూ వింత అనుకోలేదు. పక్కింటి కట్టయ్యకు రోడ్డు దేవుడి గదిలోంచి పడింది. ఆయన పటాలు తీసి బియ్యం గదిలో పెట్టుకున్నాడు. రోడ్డు పడ్డంక బండ్లు రాకుండ ఉంటయా అన్నాడు, అంతే. ఎనుమాములలో అప్పటికి యార్డుకు పునాది కూడా తీయలేదు. కానీ అదీ ప్లానులో ఉన్నదే కాబట్టి రైతులు సరుకు అక్కడే అమ్ముకుని, పొద్దు వాలేవేళకు ఖాళీ బండ్లతో అదే తొవ్వన తిరిగొచ్చేవాళ్లు.

వీరభద్రానికి బండ్లతో కంటే పెంకులతో బాధ ఎక్కువైంది. ఆ వానాకాలం నడిమిల్లు కురిసింది. వెనక గోడ ఉబ్బి, ఒక దూలం వంగింది. బాగు చేయించుకుంటానని పర్మిషన్‌కు పోయాడు. కిటికీలో కూర్చున్న గుమస్తా నక్ష తీసి చూపించి, ఇది రోడ్డు కదా, రోడ్డుకు ఎవరైనా పెంకులు కప్పుతారా అన్నాడు. సరే అని వీరభద్రం పక్క కిటికీకి పోయి, రోడ్డే అయితే ఇంటి పన్ను తీసేయమన్నాడు. ఆ గుమస్తా, ఇల్లు కళ్లకు కనిపిస్తూనే ఉంది కదా, పన్ను ఎట్లా పోతుంది అన్నాడు. రెండు కిటికీల మధ్య నిలబడి వీరభద్రం అటూ ఇటూ చూశాడు.

"రోడ్డయితే పరిహారమిచ్చి తీస్కోండ్రి సార్. ఇల్లయితే నా పెంకులు నన్ను కప్పుకోనియ్యిండ్రి. రెండిట్ల ఏదన్న ఒకటి జెయ్యిండ్రి" అన్నాడు.

ఫైలు హైదరాబాదుకు పోయిందనీ, రాగానే చూస్తామనీ చెప్పారు.

అప్పుడు మొదలైన తిరుగుడు ఏళ్ల తరబడి సాగింది. దుకాణం పొద్దున కాసేపు తెరిచి, అన్నం వేళకు ముందే సైకిల్ మీద హన్మకొండలోని ప్లాను ఆఫీసుకు పోయేవాడు. సార్ క్యాంపుకు పోయాడనేవాళ్లు. సార్ ఉన్ననాడు ఫైలు ఉండేది కాదు, ఫైలు ఉన్ననాడు సార్ మీటింగులో ఉండేవాడు. ఒక ఆఫీసరు రోడ్డు కొంచెం ఉత్తరానికి జరుపుదామన్నాడు. వీరభద్రం సంబరంగా ఇంటికి వచ్చేలోపల ఆ ఆఫీసరుకు బదిలీ అయింది. తర్వాత వచ్చినాయన పాత నక్షే బాగుందన్నాడు. పాండురంగం కూడా కరీంనగర్ పోయి మళ్లీ వచ్చాడు. మొదట్లో వీరభద్రం పరిహారం అడిగాడు, తర్వాత తొందరగా కూలగొట్టమని అడిగాడు, చివరికి రోడ్డే వద్దు, రద్దు చేయమని అర్జీలు పెట్టడం మొదలుపెట్టాడు. ఏ అర్జీకైనా ఒకటే జవాబు, పరిశీలనలో ఉంది అని.

ఒకనాడు విసుగెత్తి, ఆఫీసు వరండాలో అందరూ వినేటట్టు అరిచాడు. "మీ ఊర్ల రోడ్డు లేదు, నా ఇంట్ల ఉన్నది. గిదేం ప్లానయ్యా?" ప్యూను వచ్చి మెల్లగా బయటికి పంపాడు. వాన వచ్చినప్పుడు నడిమింట్లో అక్కడక్కడ గిన్నెలు పెట్టి నీళ్లు పట్టుకునేవాళ్లు. బండ్లు ఆ గిన్నెలు తప్పించుకుంటూ పోయేవి.

వీరభద్రానికి ఒక్కతే బిడ్డ, రాజేశ్వరి. మూడో ఏట జ్వరం వచ్చి కుడికాలు సన్నబడింది. గల్లీ నిండా ఎత్తుపల్లాల రాళ్లు, తెరిచిన మోరీలు, ఇండ్ల ముందు మెట్లు. రిక్షా లోపలికి రాదు. తండ్రే భుజాన ఎత్తుకుని బడికి తీసుకుపోయి తెచ్చేవాడు. ఏడో తరగతిలో ఉండగా మూలమీది కిళ్లీ కొట్టు దగ్గర ఎవరో చూసి నవ్వారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక, ఎత్తుకునేదుంటే ఇక నేను ఏడికీ రాను నాయినా అంది రాజేశ్వరి. అన్నట్టే మళ్లీ గడప దాటలేదు. గోడ పట్టుకుని, కర్ర ఊతంతో ఇంట్లోనే తిరిగేది. నడిమింట్లో మంచం మీద కూర్చుని దబ్బనంతో గోనెసంచులు కుట్టేది. బండ్లు రావడం మొదలైననాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లుంటాయి.

పర్కాల దిక్కు నుంచి వచ్చే ఉప్పలయ్య బండిలో ఒకసారి బస్తా చిరిగి నడిమింట్లో మిర్చి కుప్పపోసినట్టు పడింది. ఎడ్లను ఆపి ఆయన కిందికి దూకేసరికే రాజేశ్వరి దబ్బనం, పురికొస అందుకుంది. మంచం మీది నుంచే బస్తాను దగ్గరికి లాక్కుని చిరుగు కుట్టేసింది. ఉప్పలయ్య మర్నాడు ఇంకో చిరిగిన సంచి తెచ్చాడు. ఆ మర్నాడు పగ్గం తెగిందని ఒకటి ఇమ్మన్నాడు. రాజేశ్వరి వెనక్కి వంగి దుకాణం గదిలోంచి ఒకటి లాగి ఇచ్చింది. చూసి మిగతా బండ్లవాళ్లూ ఆగసాగారు. సావిత్రమ్మ ఎడ్ల కోసం వంటింట్లో గోలెం నిండా నీళ్లు పెట్టేది. ఎవరి చేన్లో తెగులు పడిందో, ఏ ఊళ్లో వాన తప్పిందో, ఎవరి కోడలు దవాఖానలో ఉందో రాజేశ్వరికి తెలిసేది. బేరం ఆడేటప్పుడు ఆమె గొంతు గల్లీ దాకా వినిపించేది.

వీరభద్రానికి మాత్రం ఇది తెలియదు. ఆ వేళకు ఆయన ఎప్పుడూ ఆఫీసు బెంచీ మీదే ఉండేవాడు. తాళ్లు ఇంత తొందరగా అయిపోతున్నాయేమని ఎప్పుడన్నా అడిగితే, తొవ్వపొంటి పోయెటోళ్లు కొంటాన్రు అనేది రాజేశ్వరి. గల్లీలో పోయేవాళ్లనుకుని మళ్లీ సరుకు తెచ్చి పడేసేవాడు. ఆయన తల నిండా ఫైలే.

ఇట్లా ఉండగా ఎనుమాములలో యార్డు నిజంగానే కట్టారు. రోడ్డు మాత్రం పడలేదు. ఎనభై అయిదు ఎండాకాలంలో పాండురంగం కబురు పెడితే వీరభద్రం పరుగున పోయాడు. నక్షలో రోడ్డు పోయే దారిలో, అవతల ఒక పెద్దమనిషి సినిమా హాలు కట్టుకున్నాడట. అందుకని రోడ్డును ఊరి బయటి నుంచి తిప్పుతున్నారు. గిర్మాజిపేట గీత రద్దయింది, గోడ మీది గుర్తు గీకేయడమే మిగిలింది.

"అంటే నా అర్జీలు పని చేసినయన్నట్టా సార్?" అన్నాడు వీరభద్రం.

"అర్జీలతోటి కాదు లెండి. అవి ఎవరు చదివిండ్రు?" అన్నాడు పాండురంగం. దాచుకోవడానికి కూడా ఓపిక లేనట్టు అన్నాడు. "ఏదైతేనేం, ఇల్లు మీకు మిగిలింది."

వీరభద్రం దారిలో జిలేబీ కొనుక్కుని ఇంటికి వచ్చాడు. వానలకు ముందే పెంకులు మార్పిద్దామనీ, దూలం తీసి కొత్తది వేయిద్దామనీ, ఇక ఇంట్లో ఒక్క బండి తిరగదనీ గడప దగ్గరి నుంచే చెప్పుకుంటూ లోపలికి వచ్చాడు. సావిత్రమ్మ బిడ్డ ముఖం చూసింది. రాజేశ్వరి కుడుతున్న సంచిలోనే దబ్బనం వదిలేసింది.

"నన్నొక్కమాటన్న అడిగినవా నాయినా?"

"ఏమడగాలె బిడ్డా? ఇండ్లకెల్లి బండ్లు పోవుడు బందయితది. ఆరాంగ ఉంటం."

"నీకు ఇల్లొస్తది. నాకేమొస్తది?"

ఆయనకు అర్థం కాలేదు. ఆమె గొంతు పెంచకుండానే చెప్పింది. "బజారుకు నేను పోలేను. బజారే నా మంచం కాడికొచ్చింది. నువ్వు ఆఫీసుకు పోయినప్పుడల్ల ఈడ గిరాకీ నడిపింది నేను. ఇన్ని తాళ్లు ఎవలు కొన్నరనుకున్నవు?"

వీరభద్రం జిలేబీ పొట్లం చేతిలోనే పట్టుకుని మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు.

మర్నాడు ఆయన ఎక్కడికీ పోలేదు. ఇన్నేళ్లలో ఆ వేళకు ఇంట్లో ఉండడం అదే మొదటిసారి. బండ్లు వచ్చాయి. ఒక్కొక్కటే నడిమింట్లో ఆగింది. రాజమ్మా, నిరుడిచ్చిన తాడు ఇంకా తెగలేదన్నాడొకడు. తెగకుంటే మళ్లెందుకు ఆగినవని ఆమె అంటే అందరూ నవ్వారు. ఒక ముసలి రైతు మిర్చి ధర పడిపోయిందని దిగులుపడుతుంటే, రెండు రోజులు ఆగి అమ్ముకొమ్మని, పైఊర్ల సరుకు ఇంకా రాలేదని చెప్పింది. ఆయన ఆమె మాట విని అక్కడే బండి మళ్లించుకున్నాడు. మూలన నిలబడ్డ వీరభద్రాన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. ఒకడు, జర పక్కకు జరుగు పెద్దయ్యా, ఎడ్లు బెదురుతయి అన్నాడు. ఆయన జరిగాడు.

బండ్లు పోయాక సైకిల్ తీసుకుని తిన్నగా ప్లాను ఆఫీసుకు పోయాడు.

"రోడ్డు తియ్యకుండ్రి సార్" అన్నాడు.

పాండురంగం తలెత్తి చూశాడు. "వద్దని ఎనిమిదేండ్ల సంది తిరిగింది మీరే గదా వీరభద్రంగారూ."

"ఔ సార్. ఇప్పుడు కావాలె."

ఒకసారి రద్దయిన గీతను మళ్లీ గీయాలంటే కొత్తగా ప్రపోజల్ పంపాలని, అది హైదరాబాదు పోవాలని, అభ్యంతరాలు పిలవాలని, సర్వే మళ్లీ చేయాలని పాండురంగం నిదానంగా చెప్పుకొచ్చాడు. అంతా ఐనా సినిమా హాలు అక్కడే ఉంటుందన్నాడు. వింటున్నకొద్దీ వీరభద్రానికి కోపం తలకెక్కింది. బల్ల మీద కొడదామని చేయెత్తి, కొట్టలేక దించుకున్నాడు.

"వద్దన్ననాడు తియ్యరు. కావాల్నన్ననాడు ఉంచరు. మీకాడ మనిషి మాట ఎన్నడు పనికొస్తది సార్?"

పాండురంగం కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. గోడ మీది గుర్తు శుక్రవారం పొద్దున్నే గీకించమని తనకు ఆర్డరు వచ్చిందన్నాడు. అద్దాలు మళ్లీ పెట్టుకుని, "నేను ఆనాడు మాపటికి వస్త. బండ్లు పోయినంక" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే రాజేశ్వరి, శుక్రవారమా అని మాత్రం అడిగింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. ఆ రెండు రోజులూ ఉప్పలయ్యతో ఏదో మాట్లాడుతూ, తాళ్లు చుట్టలు చుట్టించి కట్టలు కట్టింది. ఉన్న సరుకు వదిలించుకుంటుందేమో అనుకున్నాడు వీరభద్రం. శుక్రవారం పొద్దున సావిత్రమ్మ కిరసనాయిలు స్టవ్వు, బియ్యం మూట, రెండు గిన్నెలు గుమ్మం దగ్గర పెట్టినప్పుడు ఆయన దుకాణంలోంచి లేచి వచ్చాడు.

"గివన్ని ఎటు?"

రాజేశ్వరి చెప్పింది. యార్డు గేటు దగ్గర రేకుల షెడ్డు ఒకటి ఖాళీగా ఉందట. అక్కడ సంచులు కుట్టేవాళ్లు లేక రైతులు తిప్పలు పడుతున్నారట. హమాలీలతో ఉప్పలయ్య మాట్లాడి పెట్టాడు.

"అట్లయితే నేనే తీస్కపోత బిడ్డా. తొందరేమున్నది? మూల దాక ఎత్తుకోని, ఆడికెల్లి రిక్షా..."

ఆమె తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన ఆ మాట అక్కడితో మింగేశాడు.

మధ్యాహ్నం ఉప్పలయ్య బండి అన్నిటికంటే చివర వచ్చింది. మిర్చి బస్తాలు సగమే వేసుకుని వచ్చాడు. తాళ్ల కట్టలు, గోనెసంచులు వీరభద్రమే ఎత్తి సర్దాడు. రాజేశ్వరి కర్ర ముందుగా బండిలో పడేసి, మంచం మీద నిలబడింది. గోడకు ఒక చేయి ఆనించి, రెండో చేత్తో బండి కర్ర పట్టుకుంది. కాలు ఒకసారి జారింది. వీరభద్రం రెండు చేతులూ ముందుకు చాచి, ఆమెను తాకకుండా అట్లాగే ఆపుకున్నాడు. ఉప్పలయ్య ఎడ్ల దగ్గర నిలబడి, అటు తిరిగి వాటి మెడలు నిమురుతున్నాడు. రెండోసారి రాజేశ్వరి తనంతట తానే ఎక్కి, బస్తాల మీద కూర్చుని పైట సర్దుకుంది. ముఖమంతా చెమట.

సావిత్రమ్మ కూడా ఎక్కుతుంటే వీరభద్రం కొంగు పట్టుకున్నంత పని చేశాడు.

"ఒక్కదాన్ని ఎట్ల తోలుత?" అందామె. "నువ్వుండు. ఆఫీసోళ్లొస్తే ఎవలో ఒకలు సంతకం పెట్టాలె గదా."

బండి కదిలింది. వంటింటి గోడలోకి ముందు ఎడ్లు, తర్వాత మిర్చి బస్తాలు, తర్వాత వాళ్లిద్దరూ పోయారు. చివరగా స్టవ్వును ఒళ్లో పట్టుకున్న సావిత్రమ్మ మోచేయి కనిపించి మాయమైంది. రాజేశ్వరి వెనక్కి తిరగలేదు. ముందున్నది చూడడంలో ఉంది.

మాపటికి పాండురంగం ఒక మనిషిని తీసుకుని వచ్చాడు. ఆ మనిషి రేకుముక్కతో ఎర్ర గుర్తు గీకాడు. ఎన్ని బండ్లు పోయినా రాలని గోడ, ఇప్పుడు పెచ్చులు పెచ్చులుగా రాలింది. మరమ్మతు పర్మిషన్ కూడా పాండురంగం జేబులోనే ఉంది. చూపిన చోటల్లా వీరభద్రం సంతకం పెట్టాడు. ఇంట్లో చాయ్ ఇచ్చేవాళ్లు లేరని పాండురంగం గమనించాడేమో, ఏమీ అడగకుండా లేచి, వస్తానని చెప్పి పోయాడు.

వీరభద్రం వంటింట్లోకి పోయి తూర్పు గోడ మీద చేయి పెట్టాడు. తోశాడు. భుజం ఆనించి తోశాడు. మట్టిగోడ ఎట్లా ఉండాలో అట్లాగే ఉంది.

తెల్లారి తాళం వేసి బయల్దేరాడు. నడిమింట్లోంచి ఐతే ఎనుమాముల ఎంత దూరమని? ఇప్పుడు గల్లీ చివరిదాకా మోరీలు దాటుకుంటూ పోయి, చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డాడు. వచ్చిన బస్సు ఆగలేదు. ఆగిన బస్సు అటు పోయేది కాదు. రైలు గేటు వేసి ఉంటే ఒక గూడ్సు బండి నిదానంగా పోయేదాకా ఎండలో నిలబడ్డాడు. కొంత దూరం లారీవాడు ఎక్కించుకుని, ఎనుమాముల ఇటే అని తప్పు దారిలో దింపాడు. దారి పొడుగునా ప్లాను ఆఫీసును తిడుతూ, అది అయిపోయాక తనను తాను తిట్టుకుంటూ నడిచాడు. యార్డు గేటు చేరేసరికి చెప్పుల్లోకి దుమ్ము చేరి, నోరు ఎండి, మధ్యాహ్నం అయింది.

మిర్చి ఘాటు ముందు తగిలింది. తర్వాత బండ్ల వరుస కనిపించింది. వరుస చివర రేకుల షెడ్డు, దాని వాసానికి వేలాడుతున్న తలుగులు, పగ్గాలు. కింద సంచుల దొంతర మీద రాజేశ్వరి కూర్చుని ఎవరితోనో బేరంలో ఉంది. పక్కన చదును నేల. ఎక్కడా మెట్టు లేదు, మోరీ లేదు. ఆమె కర్ర అందుకుని లేచి, పక్క బండి దాకా నడిచిపోయి, బస్తా తడిమి చూసి, తిరిగొచ్చి కూర్చుంది. ఇంటి బయట ఆమె నడవడం వీరభద్రం చూడలేదు, ఆమెకు ఆ జ్వరం వచ్చిన నాటి నుంచి. షెడ్డు వెనక సావిత్రమ్మ స్టవ్వుకు పంపు కొడుతోంది.

ఆయన బండ్ల మధ్యలోంచి దారి చేసుకుంటూ ముందుకు పోయాడు. వరుసలో నిలబడ్డ రైతు ఒకాయనకు కోపమొచ్చింది.

"ఎవలమ్మా ఈ పెద్దమనిషి? మేమింతమందిమి ఉంటే మీదికెల్లొస్తాండు?"

రాజేశ్వరి తలెత్తింది. తండ్రి దుమ్ముకాళ్లూ, ఎండిన మూతీ చూసింది. పక్కనున్న చెంబు ఆయన దిక్కు జరిపింది.

"మా నాయిన" అంది రైతుతో. "ఈడనే పనికి కుదిరిండు."

వీరభద్రం నీళ్లు గడగడ తాగి, మూతి తుడుచుకున్నాడు. ఆమె కొత్త తాడు చుట్ట విప్పి ఒక కొస ఆయన చేతిలో పెట్టి, కొలవాలె, గట్టిగ పట్టు అంది. ఆయన పట్టుకున్నాడు. రాజేశ్వరి రెండో కొస పట్టుకుని, కర్ర మీద వెనక్కి వెనక్కి నడవసాగింది.